ఎస్‌ఏసీడీ ప్లేయరా, బ్లూరే ప్లేయరా, ఉన్న సీడీ ప్లేయరే చాలా?

రిటైరయ్యాక మా బావగారు పాటలు వినడానికి ఇంట్లో ఒక గది ఖాళీ చేయించుకున్నారు. "పాత యాంప్లిఫైయరు, రెండు స్పీకర్లు బానే ఉన్నాయి. ఎస్‌ఏసీడీ ఆడే మంచి ప్లేయరు ఒకటి చెప్పవోయ్" అని ఫోన్ చేశారు. ఎస్‌ఏసీడీ అంటే సూపర్ ఆడియో సీడీ, సీడీ కంటే మెరుగైన ధ్వని కోసం తెచ్చిన డిస్కు.

"అసలు మీ దగ్గర ఏ డిస్కులున్నాయి బావగారూ?" అని అడిగాను. రెండు అరల నిండా సీడీలట: ఘంటసాల పాటలు, అన్నమయ్య కీర్తనలు, కచేరీలు. ఎస్‌ఏసీడీలు మాత్రం అయిదే. అమెరికా నుంచి అమ్మాయి తెచ్చిన జాజ్, బీథోవెన్. సగం జవాబు అక్కడే దొరికింది.

1982లో వచ్చిన సీడీలో ధ్వని 16 బిట్లు, 44.1 కిలోహెర్ట్జ్. అంటే ధ్వనిని సెకనుకు 44,100 సార్లు కొలిచి, ఒక్కో కొలతనూ 16 బిట్లలో రాస్తారు. సోనీ, ఫిలిప్స్ కలిసి 1999లో తెచ్చిన ఎస్‌ఏసీడీ దారి వేరు: ఒకే బిట్టు, కానీ సెకనుకు 28 లక్షల పైచిలుకు సార్లు. ఆ తర్వాత వచ్చిన డీవీడీ ఆడియో స్టీరియోలో 24 బిట్లు, 192 కిలోహెర్ట్జ్ దాకా వెళ్లింది గానీ ఎక్కువ కాలం నిలబడలేదు. అంకెలు చూస్తే సీడీ పాపం బీదది.

చెవికీ అలాగే ఉంటుందా? నా సొంత పరువు పోయిన సంగతి ఒకటి చెప్తాను. కొన్నేళ్ల కిందట సెకండ్ హ్యాండ్‌లో ఒక ఎస్‌ఏసీడీ ప్లేయరు కొన్నాను. మూడు రోజులు వచ్చినవాళ్లందరికీ వినిపించి "ఆ గాలి చూడండి, ఆ లోతు చూడండి" అని ఒకటే ఊదరగొట్టాను. నాలుగో రోజు దుమ్ము తుడుస్తుంటే కనిపించింది, ముందు పలక మీద ఎస్‌ఏసీడీ లైటు వెలగడమే లేదు. హైబ్రిడ్ డిస్కులో రెండు పొరలుంటాయి, ఒకటి ఎస్‌ఏసీడీది, ఇంకొకటి మామూలు సీడీది. పాత యజమాని సెట్టింగు సీడీ పొర మీద వదిలేశాడు. మూడు రోజులూ నేను మెచ్చుకున్నది మామూలు సీడీని.

నా ఒక్కడి సంగతే కాదులెండి. 2007లో ఆడియో ఇంజనీరింగ్ సొసైటీ పత్రికలో ఒక పరీక్ష ఫలితాలు వచ్చాయి. ఎస్‌ఏసీడీ ధ్వనిని నేరుగా ఒకసారి, సీడీ స్థాయికి దించి ఒకసారి వినిపించి ఏది ఏదో చెప్పమన్నారు. 554 సార్లలో సరిగ్గా చెప్పింది 276. బొమ్మా బొరుసూ వేసినా అంతే వస్తుంది. తర్వాతి పరిశోధనల్లో కొద్దిపాటి తేడా కనిపించిందన్నవాళ్లూ ఉన్నారు, కానీ అది నిజంగా కొద్దిపాటిదే. పైగా మే నెలలో ఫ్యాన్ అయిదులో తిరుగుతుంటే మన గదుల్లో తంబుర శ్రుతే సగం మునిగిపోతుంది.

మరి ఎస్‌ఏసీడీ దండగా అంటే, కాదు. రెండు చోట్ల నేను దానికే ఓటేస్తాను. ఒకటి, శ్రద్ధగా మాస్టరింగ్ (డిస్కుకు ఎక్కించే ముందు ధ్వనిని చివరిసారి సరిదిద్దడం) చేసిన డిస్కులు. అదే ఆల్బం సీడీలో గోలగోలగా నొక్కేసి ఉంటే, ఎస్‌ఏసీడీలో ఊపిరి పీల్చుకుంటుంది. రెండోది బహుళ చానళ్లు, అంటే రెండు కంటే ఎక్కువ స్పీకర్లకు విడివిడిగా ధ్వని. 1950ల్లో ఆర్‌సీఏ కొన్ని ఆర్కెస్ట్రాలను మూడు ట్రాకుల మీద రికార్డు చేసింది. ఎల్పీలో అవి రెండుకు కుదించుకుపోయాయి. ఎస్‌ఏసీడీ వచ్చాకే మధ్య చానల్ విడిగా ఇంటికొచ్చింది. మధ్య స్పీకరు ఉన్నవాళ్లు అది వినితీరాలి.

అలా వినాలంటే చవకైన దారి ఎస్‌ఏసీడీ కూడా ఆడే బ్లూరే ప్లేయరు, దానికో ఏవీ రిసీవరు (చాలా స్పీకర్లను నడిపే, హెచ్‌డీఎంఐ తీగ పెట్టుకోగల యాంప్లిఫైయరు). సోనీ యూబీపీ-ఎక్స్800ఎం2 లాంటివి ఆ పని చేస్తాయి. ఇక్కడో తిరకాసు: దానికి అనలాగ్ అవుట్‌పుట్, అంటే పాత యాంప్లిఫైయర్లకు తీగ పెట్టే చోటు, లేదు. హెచ్‌డీఎంఐ లేని బావగారి యాంప్లిఫైయరుకు నేరుగా తగిలించలేం. అన్ని డిస్కులూ ఆడి, అనలాగ్ కూడా ఇచ్చే ఒప్పో ప్లేయర్ల తయారీ 2018లోనే ఆగిపోయింది. పాతవి కొనేటప్పుడు మీ ఎస్‌ఏసీడీ ఒకటి పట్టుకెళ్లి అక్కడే ఆడించి చూడండి, లైటుతో సహా.

డెనాన్, మరాంట్జ్ అమ్మే స్టీరియో ఎస్‌ఏసీడీ ప్లేయర్లు ఆయన యాంప్లిఫైయరుకు చక్కగా కుదురుతాయి. ధర మాత్రం గుండె పట్టుకునేలా ఉంటుంది. పోనీ అందులోంచి ఆప్టికల్ తీగతో బయట డాక్‌కు (డిజిటల్ అంకెలను ధ్వని సంకేతంగా మార్చే పెట్టెకు) పంపుదామంటే, కాపీ రక్షణ వల్ల ఎస్‌ఏసీడీ ధ్వని ఆ తీగలో మామూలుగా బయటికి రాదు. యాభై అరవై ఎస్‌ఏసీడీలున్నవాళ్లకు ఆ ఖర్చు సబబే. అయిదింటికి నేను చచ్చినా చెప్పను.

బావగారి అయిదింటిలో నాలుగు హైబ్రిడ్లు, ఉన్న సీడీ ప్లేయర్లోనే ఆడతాయి. అందుకని లెన్సు శుభ్రం చేయించుకుని, కిటికీకి మందపాటి కర్టెన్ వేయించుకోమన్నాను. స్పీకర్లను గోడ నుంచి రెండడుగులు ముందుకు జరిపించాను. అయిదోది జపాన్‌లో తయారైన ఒకే పొర డిస్కు, అది మాత్రం సీడీ ప్లేయరులో ఆడదు. దాన్ని పట్టుకుని ఆదివారం ఆదివారం మా ఇంటికొస్తున్నారు. రాగానే ముందు ఆ లైటు చూస్తారు, తర్వాత ఫ్యాన్ ఆపమంటారు.