కడపలో చేత్తో మాట రాసిచ్చే పెయింటర్ షాపు, ఏడాది తర్వాత నా రివ్యూ

వైవీ స్ట్రీట్ నుంచి లోపలికి తిరిగే ఒక సందులో పాత పెయింటర్ షాపు ఉంది, షట్టర్ ఎప్పుడూ సగమే ఎత్తి ఉంటాది, తెలీకపోతే దాటి పోతారు. నంబర్ ప్లేట్లు, ఇంటి పేర్లు రాస్తాడు భాయ్. పోయిన ఉగాదికి ముందు, అంటే 2025 మార్చిలో, నేను అక్కడ ఒక చెక్క మీద ఒకే ఒక మాట రాయించుకున్నా. ఓపిక.

ఎందుకంటే ప్రతి జనవరి ఒకటికి వాకింగ్ చేస్తా, టీలో చక్కెర మానేస్తా అని డైరీలో రాసుకునేవాణ్ణి, సంక్రాంతి అరిసెలు వచ్చేసరికి అన్నీ పోయేవి, ఒక్కరోజు తప్పితే ఇంక ఏడాదంతా తప్పినట్టే అనిపించి వదిలేసేవాణ్ణి. మాట అట్లా కాదు, ఈరోజు మర్చిపోయినా రేపు పొద్దున అది గోడ మీదే ఉంటాది, మళ్ళీ మొదలుపెట్టొచ్చు. మన సంవత్సరాలకు ఎట్లాగూ అరవై పేర్లు ఉన్నాయి కదా, నా సంవత్సరానికి నేనొక పేరు పెట్టుకుందాం అనుకున్నా.

ముందు ఆన్‌లైన్‌లో కప్పు మీద ప్రింట్ చేయించినా, ప మీద గుడి ఊడిపోయి పక్కన చుక్కల సున్నా మీద పడింది, చూస్తే బాధేసింది. అందుకే భాయ్ దగ్గరికి పోయినా. మాట చెప్పగానే బ్రష్ పక్కన పెట్టి "ఏ ఓపిక సార్, ఒంట్లోదా మనసులోదా?" అని అడిగినాడు. రెండూ అన్నా. నేనింతవరకు అట్లా ఆలోచించనే లేదు.

సుద్దముక్కతో కింద పైన రెండు గీతలు గీసుకుని, చిటికెన వేలు చెక్కకు ఆనించి, ఊపిరి బిగబట్టి ఓ ఒక్క లాగుడులో తిప్పినాడు. ముదురు నీలం మీద తెల్ల ఎనామెల్. క తలకట్టు మాత్రం అన్నీ అయినాక చివర్లో పెట్టినాడు. అడుగు పొడవు చెక్క, 350 రూపాయలు. ఏడాదైనా ఒక్కచోట కూడా పెచ్చు లేవలేదు. వెనకాల కొక్కెం మాత్రం వదులు, నెలకే ఊడింది, నేనే వేరే స్క్రూ బిగించుకున్నా. రెండ్రోజుల్లో ఇస్తానని ఐదు రోజులు చేసినాడు, అర్జంటు పనైతే ముందే పోండి. శుక్రవారం మధ్యాహ్నం నమాజుకు మూసేస్తాడు. ఉగాది రోజు అసలు తెరవడు, ఆరోజు ఇంటిల్లిపాదీ దేవుని కడప వెంకన్న గుడికి పోతారంట, స్వామి పెళ్ళాడిన బీబీ నాంచారమ్మ మా ఇంటి ఆడబిడ్డ సార్ అన్నాడు.

చెక్కను బండి తాళం తగిలించే మేకు పైన పెట్టినా. అమ్మకు మోకాళ్ళ నొప్పులు, బండెక్కాలంటే ఒక చెయ్యి నా భుజం మీద వేసి, కొంగు సర్దుకుని, కాలు ఫుట్‌రెస్ట్ మీద పెట్టి, మళ్ళీ దించి, మళ్ళీ పెట్టాలి. ఇంతకుముందు నేను స్టార్ట్ చేసి రేజ్ చేస్తా ఉండేవాణ్ణి, తొందరగా మా అని. ఇప్పుడు ఆమె కూర్చున్నాకే తాళం తిప్పుతా. నాకు ఈ మాట చేసిన పెద్ద పని అదే, అది చాలు.

ఈ 2026 మార్చి 19న ఉగాదికి పరాభవ నామ సంవత్సరం వస్తాంది, పేరు వినగానే మా ఇంటి పక్కనోళ్ళు అదేం పేరు అంటున్నారు. మా అమ్మ 1966 శ్రావణంలో పుట్టింది, అది కూడా పరాభవే, ఆమె కంటే ఓపిక ఉన్న మనిషిని నేను చూళ్ళేదు.

మాట ఎంచుకునేవాళ్ళు నాలుగైదు మాటలు పెట్టుకోకండి, ఒకటే, అదీ ఇంట్లో రోజూ నోట్లో నలిగే మాటైతే మంచిది. ఈసారి అమ్మ కూడా తనకొకటి రాయించమంది, ఏం మాటో చెప్పకుండా చీటీ మీద రాసి మడిచిచ్చింది. శనివారం భాయ్‌కి ఇచ్చొస్తా.