ఎనిమిది సీజన్ల ఎఫ్‌పీఎల్: మైనస్ నాలుగు నేర్పిన లెక్క

ఎఫ్‌పీఎల్ అంటే ఫాంటసీ ప్రీమియర్ లీగ్. ఇంగ్లాండ్ ఫుట్‌బాల్‌లో పైమెట్టు లీగైన ప్రీమియర్ లీగ్ వాళ్లే నడిపే ఉచిత ఆట. 2017 ఆగస్టులో ఆఫీసు కుర్రాళ్లు పట్టుబడితే చేరాను. కాకతాళీయమే గానీ, నెలకి మూడు వేలతో నా మొదటి సిప్ (ఫండ్‌లో నెలనెలా పెట్టే పెట్టుబడి) కూడా ఆ నెలలోనే మొదలైంది. ఎనిమిది సీజన్లు రెండూ పక్కపక్కన నడిచేసరికి, ఇక్కడ చేసిన తప్పే అక్కడా చేస్తున్నానని తెలిసొచ్చింది. డబ్బు పెట్టి ఆడే ఫాంటసీ ఆటలు మా తెలంగాణలో 2017 నుంచే కుదరవు. ఇందులో పైసా పెట్టేది లేదు కాబట్టి ఆ గొడవ లేదు.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. చేతికి 100 మిలియన్ పౌండ్ల ఉత్తుత్తి డబ్బిస్తారు. దాంతో 15 మంది అసలు ఆటగాళ్లని కొనాలి, ఒక క్లబ్బు నుంచి ముగ్గురికి మించకూడదు. వాళ్లలో పదకొండు మందిని ఆడిస్తాం, మిగతా నలుగురూ బెంచీ. అసలు మ్యాచుల్లో వాళ్లు ఆడినదాన్ని బట్టి మనకి పాయింట్లు. వారానికి ఒకణ్ణి మార్చుకోవడం ఉచితం. ఆపైన ప్రతి మార్పుకీ నాలుగు పాయింట్లు కోత. కెప్టెన్ తెచ్చే పాయింట్లు రెట్టింపవుతాయి. ఇలా 38 వారాలు.

ఈ ఆటలో నాకు బాగా నచ్చింది ఆ నాలుగు పాయింట్ల కోతే. ఆటగాడు గంటసేపు మైదానంలో ఉంటే వచ్చేవి రెండు పాయింట్లు. అంటే కొత్తవాడు మనం తీసేసినవాడికన్నా నాలుగు ఎక్కువ తెస్తేనే లెక్క సమం. మొదటి సీజన్లో నేను 23 సార్లు కోత వేయించుకున్నాను. 92 పాయింట్లు నా చేత్తో నేనే పారేసుకున్నాను. మే నెలలో అది కూడుకుని, ఎందుకో అదే రాత్రి ఆ ఏడాది షేర్ల కాంట్రాక్టు నోట్లు (బ్రోకరు పంపే లావాదేవీ చీటీలు) కూడా తీశాను. 41 అమ్మకాలు! ఒక్కోదాని మీద బ్రోకరేజి, ఎస్‌టీటీ (షేర్ల లావాదేవీ పన్ను), జీఎస్‌టీ, స్టాంపు డ్యూటీ, ఆపైన స్వల్పకాలిక లాభం మీద పన్ను (అప్పుడు 15 శాతం, 2024 జులై నుంచి 20). ఎఫ్‌పీఎల్‌లో మార్పు ఖాయం చేసే ముందే మైనస్ నాలుగు కళ్లెదుట కనబడుతుంది. షేర్ల యాప్‌లో అమ్మిన వెంటనే ఆకుపచ్చ టిక్కు పడుతుంది, అంతే. కోత తెలిసేది జులైలో రిటర్న్ వేసేటప్పుడు.

అమ్మకం ధరలోనూ ఒక మెలిక ఉంది. 8 మిలియన్లకి కొన్నవాడు 8.3కి పెరిగాక అమ్మితే మనకి దక్కేది 8.1. లాభంలో సగమే ఇస్తారు, అదీ కిందికి సర్ది. మళ్లీ కావాలంటే పూర్తిగా 8.3 పెట్టాలి. నష్టం మాత్రం మొత్తం మనదే. ఇది పట్టుబడ్డాక "అమ్మేసి, తగ్గాక మళ్లీ కొందాం" అన్న మాట నా నోట రావడం తగ్గింది.

ఒక క్లబ్బు నుంచి ముగ్గురే అన్న నియమం లేకపోతే నేను మాంచెస్టర్ సిటీ వాళ్లనే ఎనిమిది మందిని పెట్టేవాణ్ణి. బయట ఆ పనే చేశాను. జీతం ఐటీది, షేర్లలో ముప్పాతిక వంతు ఐటీవి, కొన్న ఫ్లాటు కూడా ఐటీ ఆఫీసుల పక్కనే. 2022లో ఐటీ సూచీ నాలుగోవంతు దిగింది. అదే ఏడాది మా బోనసూ తగ్గింది, ఆ ఫ్లాట్లో అద్దెకున్న ఐటీ కుర్రాడూ ఖాళీ చేశాడు. మూడు దెబ్బలూ ఒక్క దిక్కు నుంచే. పోర్ట్‌ఫోలియో అంటే డీమ్యాట్‌లో (షేర్లుండే ఖాతాలో) కనబడేదే అనుకున్నాను, జీతాన్ని అందులో ఎప్పుడూ లెక్కేయలేదు. ఇంతా చేసి, శనివారం మధ్యాహ్నం టీము సర్దుతూ "ఒకే క్లబ్బువాళ్లు ఎక్కువైపోయారు" అని గొణుక్కునే మనిషిని!

ఇక 2023 డిసెంబరు. మాంచెస్టర్ సిటీకి గోల్స్ కొట్టే హాలండ్ పాదానికి దెబ్బ. 14 మిలియన్ల ధరతో సీజన్ మొదలెట్టినవాడు. వచ్చే వారం వస్తాడు, పై వారం వస్తాడు అనుకుంటూ జనవరి ఆఖరిదాకా బెంచీ మీద కూర్చోబెట్టాను. చలికాలంలో శుక్రవారం రాత్రి ఎనిమిదికి అక్కడ మ్యాచ్ ఉంటే, గంటన్నర ముందు పడే గడువు మనకి సరిగ్గా అర్ధరాత్రి. అలా ఒక అర్ధరాత్రి, ఇంట్లో అందరూ పడుకున్నాక, అతని పేరు మీద వేలు పెట్టి తీసేశాను. అదే సీజన్లో 5 మిలియన్లకి దొరికిన చెల్సీ ఆటగాడు కోల్ పామర్‌ని "పెనాల్టీల పుణ్యం" అని వదిలేశాను. ధర పెరిగాక, 5 ఉన్నప్పుడు కొననివాణ్ణి ఇప్పుడెలా కొంటానని బింకం. సీజన్ ముగిసేసరికి 244 పాయింట్లతో అందరికన్నా పైన అతనే. నా డీమ్యాట్‌లో ఇలాంటి హాలండ్‌లు రెండున్నాయి. పామర్‌లు లేరు.

అయితే ఆట తప్పుదారి కూడా పట్టిస్తుంది. మొదటిది, ఇందులో చక్రవడ్డీ లేదు. ఆగస్టు రాగానే అందరికీ మళ్లీ 100. పోయిన ఏడాది గెలిచినవాడూ నిన్న చేరినవాడూ ఒకటే. రెండోది ర్యాంకు. ఎక్కువమంది దగ్గరున్న ఆటగాణ్ణి మనం తీసుకోకపోతే, వాడు కొట్టిన ప్రతి గోలూ మన నెత్తిన పడుతుంది. అందుకని నలుగురితో పాటు నారాయణ అనడమే ఇక్కడ తెలివి. ఆ అలవాటు బయటికి తెచ్చి, అందరూ కొంటున్నారని ఒక స్మాల్‌క్యాప్ (చిన్న కంపెనీల షేర్ల) ఫండ్ కొన్నాను. ఎవరితో పోటీ పడ్డానో ఇప్పటికీ తెలీదు. అమ్మాయి చదువుకి కావలసిన డబ్బుకి ర్యాంకుతో పనేముంది?

2020 మార్చిలో లీగ్ ఆగిపోయింది. జూన్‌లో తిరిగి మొదలయ్యేటప్పుడు ఎంతమందినైనా ఉచితంగా మార్చుకోనిచ్చారు, నేను టీమంతా తిరగేశాను. మార్కెట్ ఒక్కరోజూ ఆగలేదు. మార్చి 23న నిఫ్టీ సూచీ ఒక్కరోజే 13 శాతం పడింది. ఆ వారమే సిప్ ఆపేశాను. నవంబరులో మొదలెట్టేసరికి సూచీ పడినచోటు దాటి చాలా పైకెళ్లిపోయింది. అప్పుడు ఎవరూ ఉచిత మార్పులివ్వలేదు.

బెంచీ సంగతి తేలిగ్గా తీసుకోకండి. నాలుగు మిలియన్ల డిఫెండర్ దండగ అనిపిస్తాడు, పదకొండులో ఇద్దరు రానిరోజు దాకా. మా ఆవిడ పట్టుబట్టి వేయించిన ఎఫ్‌డీ కూడా నాకు దండగలాగే అనిపించేది.

2024-25 నుంచి వాడని మార్పుల్ని ఐదుదాకా దాచుకోవచ్చు. నాకిది వరం. లెస్టర్‌లో చదువుకుంటున్న మేనల్లుడికి మాత్రం నవ్వు. "మావయ్యా, వాటిని కూడా లాకర్లో పెట్టుకుంటావా?" అంటాడు. వాడు వారానికో కోత వేయించుకుంటాడు, కెప్టెన్‌ని గడువుకి రెండు నిమిషాల ముందు మారుస్తాడు. ఆ సీజన్ మా మినీ లీగ్‌లో (తెలిసినవాళ్ల మధ్య పోటీలో) నాకన్నా 61 పాయింట్లు ముందున్నాడు. ఎలాగని అడిగితే, "లివర్‌పూల్ సలాని ఆగస్టులో కొన్నా మావయ్యా, మే దాకా వాడి జోలికి పోలేదు" అన్నాడు.