నెమలి పిల్లలు కొనేవాళ్లూ జాగ్రత్త: "నట్టల మందు వేసేశాం" అన్న మాట నమ్మి డబ్బు కట్టకండి

డాలస్ చుట్టుపక్కల ఎకరమో రెండెకరాలో కొనుక్కుని కోళ్లూ నెమళ్లూ పెంచుకుంటున్న మనవాళ్ల కోసం రాస్తున్నాను. గత నెల నాలుగు నెమలి పిల్లలు కొన్నాను. మూడు నెలల వయసు, ఒక్కోటి 120 డాలర్లు. తొమ్మిదో రోజున ఒకటి, పదకొండో రోజున ఇంకోటి చచ్చిపోయాయి. అమ్మినాయన పేరు ఇక్కడ పెట్టను. జరిగింది మాత్రం చెబుతాను.

ముందే ఒక మాట. ఇండియాలో ఉన్నవాళ్లు ఇది చదివి "పిల్లలు ఎక్కడ దొరుకుతాయి" అని అడగకండి. అక్కడ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూల్ 1లో ఉన్న పక్షి ఇది, ఇంట్లో పెంచడం నేరం. కాకపోతే టర్కీ కోళ్లు పెంచేవాళ్లు చదవండి. మా పిల్లల్ని చంపిన బ్లాక్‌హెడ్ అనే జబ్బు వాటికీ వస్తుంది, ఇలాగే చంపుతుంది.

ఆయన ఫారం మాకు రెండు గంటల దూరం. వెళ్లేసరికి నెమళ్ల దొడ్లో కోళ్లు కాళ్లకి అడ్డంపడుతూ తిరుగుతున్నాయి. తడి నేల, నీళ్ల తొట్టి చుట్టూ బురద. నాకు మా ఊరు గుర్తొచ్చి ముచ్చటేసింది, నిజం చెప్పొద్దూ! వెనక్కి తిరిగి వచ్చేయాల్సింది అక్కడే. పేగుల్లో పురుగులు పోవడానికి "నట్టల మందు వేశారా?" అని అడిగితే "ఎప్పుడో వేసేశాం" అన్నాడు. ఏ మందు, ఏ తారీఖు అని నేను అడగలేదు. పైగా సగం వాడిన సీసా ఒకటి చేతిలో పెట్టి, ఏ తేడా వచ్చినా ఇది నీళ్లలో కలపమన్నాడు.

ఇంట్లో మాకూ ఆరు కోళ్లున్నాయి కాబట్టి పిల్లల్ని నేల మీద వదల్లేదు. గరాజ్‌లో సిమెంటు మీద పొట్టు పరిచి విడిగా ఉంచాం. శనివారం తెచ్చాం. మంగళవారానికి ఒక పిల్ల రెక్కలు జారేసి, మెడ లోపలికి లాక్కుని మూల నించుంది. రక్తపారుడు అనుకుని ఆయనిచ్చిన మందే నీళ్లలో కలిపాను. బలానికని విటమిన్ పొడి కూడా వేశాను.

నాన్న ఇక్కడే ఉన్నారు, గుంటూరు నుంచి వచ్చి. ఆయనకి నెమళ్ల మీద పెద్ద గౌరవమేమీ లేదు, "కూరకి పనికిరాని పక్షికి ఇన్ని డబ్బులా" అనేది ఆయన మొదటి మాట. కానీ గురువారం పొద్దున పొట్టు ఎత్తుతూ పిలిచారు. "ఒరేయ్, ఇది రక్తపారుడు కాదురా, రెట్ట రంగు చూడు." గంధకం పొడి కలిపిన నీళ్లలా పచ్చగా, నురుగుగా ఉంది. ఎరుపు చుక్క కూడా లేదు. ఇక్కడ చాలామంది తికమకపడతారు: ఆరోగ్యంగా ఉన్న నెమలి కూడా రోజులో కొన్నిసార్లు ముద్దగా, గోధుమరంగులో కంపు కొట్టే రెట్ట వేస్తుంది. అది మామూలే. ఇది వేరు. పిల్లని పట్టుకుంటే రొమ్ము ఎముక కత్తి అంచులా తగిలింది.

ఆ రోజే పక్షుల డాక్టర్ దగ్గరికి పరిగెత్తాం. రెట్టని ఉప్పునీళ్లలాంటి ద్రావణంలో కలిపి, పైకి తేలిన గుడ్లని మైక్రోస్కోపులో చూశారు. రక్తపారుడు తెచ్చే కాక్సిడియా నాలుగైదు, పేగు చివరి సంచుల్లో ఉండే హెటెరాకిస్ అనే నట్టల గుడ్లు బోలెడు. అమ్మినాయన ఇచ్చిన సీసా చూపిస్తే డాక్టరమ్మ నవ్వలేక నవ్వింది. అది ఆంప్రోలియం. కాక్సిడియాకి తప్ప నట్టలకి ఏమాత్రం పనిచేయదు. దానికి తోడు అది బి1 విటమిన్‌లా నటించి పనిచేసే మందు, నేనేమో అదే విటమిన్ కలిపి ఆ కాస్త పనీ చెడగొట్టాను.

అసలు శత్రువు ఆ నట్టల గుడ్లలో దాక్కుని వస్తుంది. అది కంటికి కనిపించని క్రిమి, పేరు హిస్టోమోనాస్. అది తెచ్చే జబ్బునే బ్లాక్‌హెడ్ అంటారు. తల నల్లబడాలని ఏమీ లేదు, మా పిల్లలకి నల్లబడలేదు. కోళ్లకి ఇది ఉన్నా చాలావరకు హాయిగా తిరుగుతాయి. వాటి రెట్టతో గుడ్లు మట్టిలో పడతాయి, వానపాములు వాటిని మింగి దాచిపెడతాయి, నెమలి వానపామును తింటుంది. బయట పడ్డ క్రిమి ఎక్కువసేపు బతకదు కానీ గుడ్డులో ఉంటే మట్టిలో ఏళ్ల తరబడి ఉంటుంది. రెట్ట పరీక్షలో నట్టల గుడ్డు కనిపిస్తుంది తప్ప ఈ క్రిమి తేలదు, వేడి తగ్గని తాజా రెట్టలో వెతకాలి. అందుకే డాక్టర్ లక్షణాలు చూసి అనుమానం మీదే వైద్యం మొదలుపెట్టారు.

చచ్చిన మొదటి పిల్లని ఫ్రిజ్‌లో పెట్టి టెక్సస్ ఏ అండ్ ఎం పశువ్యాధి నిర్ధారణ ల్యాబ్‌కి పంపాం. ఫ్రీజర్‌లో పెట్టకండి, గడ్డకడితే కణజాలం పాడై పరీక్షకి పనికిరాదు. రిపోర్టులో ఉన్నది ఇది: కాలేయం నిండా నాణేలు ఒత్తినట్టు గుండ్రని గుంట మచ్చలు, పేగు సంచుల్లో జున్నులా గట్టిపడిన ముద్ద. బ్లాక్‌హెడ్ అని ఖాయమైంది.

ఫోన్ చేస్తే అమ్మినాయన "మీ కోళ్ల నుంచే వచ్చుంటుంది" అన్నాడు. క్రిమి లోపలికి వెళ్లాక లక్షణాలు కనిపించడానికి వారం పైనే పడుతుంది. మా పిల్ల నాలుగో రోజుకే వాలిపోయింది, అదీ సిమెంటు మీద. ఆ లెక్క చెప్పాక ఫోన్ ఎత్తడం మానేశాడు.

మిగిలిన రెండూ ఆ క్రిమికి మెట్రోనిడజోల్‌తో, నట్టలకి ఫెన్‌బెండజోల్‌తో బతికాయి. ఇవి డాక్టర్ రాస్తేనే వాడండి. తినడానికి పెంచే పశుపక్ష్యాదులకి మెట్రోనిడజోల్ ఇక్కడ నిషేధం, కాబట్టి మందు పడ్డ పక్షి గుడ్లు కూడా తినకూడదు. ఈ జబ్బుకని ఒకప్పుడు నైటార్సోన్ ఉండేది. ఆర్సెనిక్ మందని 2015 చివరికల్లా మార్కెట్లోంచి తీసేశారు. అంటే షాపుకెళ్లి సీసా కొనుక్కుని వేసేసే మందు లేదన్నమాట. మోతాదు కూడా కంటి అంచనాతో కాదు. మేం వంటింటి త్రాసు మీద గిన్నె పెట్టి, పిల్లని తువ్వాలులో చుట్టి తూచాం. నాన్న పట్టుకోవడం, నేను చదవడం, అది గిన్నెలో రెట్ట వేయడం!

ఇప్పుడైతే నేను కొనేముందు అడిగే మొదటి ప్రశ్న నట్టల మందు గురించి కాదు, ఆ నేల మీద కోళ్లు తిరిగాయా అని. తిరిగితే ఎంత అందమైన పిల్లైనా వద్దు. తిరగలేదంటే మూడు రోజుల రెట్ట డబ్బాలో వేసి ఇమ్మంటాను, నా ఖర్చుతో పరీక్ష చేయించాకే బయానా. మాకు ఆ పరీక్షకి 35 డాలర్లయింది. పరీక్ష బాగున్నా పూర్తి భరోసా కాదు. ముదరని నట్టలు గుడ్లు పెట్టవు. అందుకే తెచ్చాక నెల రోజులు నేలకి దూరంగా ఉంచి మళ్లీ చూపిస్తాను. ఒప్పుకోని అమ్మకందారుతో నాకు బేరమే లేదు.

నిన్న రాత్రి ఆయన ప్రకటన మళ్లీ కనిపించింది. ఈసారి ఆరు పిల్లలు, "డీవార్మింగ్ పూర్తయింది" అని పెద్ద అక్షరాలతో. ఫొటో పెద్దది చేసి చూశాను. పిల్లల వెనక, నీళ్ల తొట్టి పక్కన బురదలో ఎర్ర కోడి ఒకటి కాళ్లతో మట్టి గీరుతోంది.