మంచం పట్టిన అమ్మకు గాలి పరుపు: ఎనిమిది నెలల వాడకం తర్వాత

పక్షవాతంతో ఎడమవైపు పూర్తిగా పడిపోయిన మా అమ్మ కోసం గత శ్రావణమాసంలో మేము కొన్న గాలి పరుపు గురించి రాస్తున్నాను. దుకాణాల్లో దీన్ని ఎయిర్‌బెడ్ అంటారు. రోగి ఒంటికి పుండ్లు పడకుండా కాపాడే వస్తువుగానే దీన్ని అమ్ముతారు, కొంటారు. అది నిజమే గాని, రాత్రిపూట రోగి పక్కన పడుకున్న మనిషికి ఇది ఎన్ని గంటల నిద్ర మిగులుస్తుందో కూడా చూడాలని నా అనుభవం చెబుతోంది. అందుచేత ఈ సమీక్షలో ప్రధానంగా ఆ కొలతనే వాడుతున్నాను.

ఆసుపత్రి నుంచి ఇంటికి పంపేటప్పుడు అమ్మను రెండు గంటలకొకసారి ఒత్తిగిలించమన్నారు. పగలు అది మిగతా పనుల మధ్యనే జరిగిపోయేది. రాత్రి పదికి, పన్నెండుకు, రెండుకు, నాలుగుకు అలారం పెట్టుకుని లేవడం నాలుగు నెలలు సాగేసరికి, అన్నం కలిపి తినిపిస్తూ ముద్దముద్దకూ విసుక్కునే స్థితికి వచ్చాను. ఒకనాటి తెల్లవారుజామున, కాలు బిగబట్టిందని అమ్మ మీద గట్టిగా కేక వేశాను. మాట పడిపోయిన మనిషి కనుక ఏమీ అనలేక, కుడిచేత్తో నా కొంగు పట్టుకుని వదల్లేదు. హైదరాబాదులో ఉండే మా తమ్ముడికి ఈ సంగతి ఫోనులో చెప్పుకుంటే "కాస్త ఓపిక పట్టక్కా" అన్నాడు. లేనిది ఓపిక కాదనీ నిద్ర అనీ వాడికి తెలియడానికి, ఊరికి వచ్చినప్పుడు ఒక రాత్రి వాడినే ఆ గదిలో పడుకోబెట్టవలసి వచ్చింది. మర్నాడు పరుపుకు డబ్బు ఇచ్చింది వాడే.

చించినాడ వంతెన దాటి పాలకొల్లు వెళ్లి, 3,800 రూపాయలకు బుడగల రకం పరుపు తెచ్చుకున్నాం. గొట్టాల రకం ఖరీదెక్కువ. మంచానికి కాళ్లవైపు తగిలించే చిన్న మోటారు ఒక వరస బుడగలను గాలితో నింపుతూ పక్క వరసను ఖాళీ చేస్తుంది, సుమారు పది నిమిషాలకు ఆ వరసలు తారుమారవుతాయి. దాంతో నడుము కింద, తుంటి మీద, మడమల మీద బరువు ఒకేచోట నిలిచిపోకుండా చర్మానికి రక్తం అందుతుంది.

అమ్మిన దుకాణదారు "ఇంక ఒత్తిగిలించే పనే ఉండదమ్మా" అన్నాడు. ఆ మాట నమ్మి ఉంటే అమ్మకు పుండ్లు పడేవి. ఇంటికి వచ్చి చూసే నర్సమ్మ, పరుపు ఉన్నా పక్క మార్చడం మానకూడదనీ, చర్మాన్ని గమనించుకుంటూ వ్యవధిని కొద్దికొద్దిగా పెంచుకోవచ్చనీ చెప్పింది. బ్రిటన్‌లో వైద్యానికి ప్రమాణాలు సూచించే నైస్ అనే ప్రభుత్వ సంస్థ 2014లో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా, పుండ్ల ప్రమాదం ఉన్న పెద్దవారిని కనీసం ఆరు గంటలకొకసారి, ప్రమాదం మరీ ఎక్కువగా ఉన్నవారిని కనీసం నాలుగు గంటలకొకసారి పక్క మార్చమంటున్నాయి. రోజూ పొద్దున్న ఎర్రబడిన చోట వేలితో నొక్కి చూసేదాన్ని. నొక్కినప్పుడు ఎరుపు తెల్లబారకపోతే అక్కడ పుండు మొదలవుతున్నట్టే. అలాంటిది కనబడకపోవడంతో మూడు వారాలలో రాత్రి వ్యవధి నాలుగు గంటలకు చేరింది. పదిన్నరకు పక్క మార్చి పడుకుంటే మళ్లీ రెండున్నర దాకా లేవనక్కరలేదు. అమ్మకు తల దువ్వుతూ నేను కూనిరాగం తీస్తున్నానని పక్కింటి పిన్ని చెబితేగాని నాకే తెలియలేదు.

అయితే దుకాణంలో ఎవరూ చెప్పని సంగతులు కొన్ని ఉన్నాయి. మొదట్లో దీన్ని నవారు మంచం మీద వేశాం. నడుము దగ్గర నవారు కుంగిపోయి, అమ్మ బరువంతా అక్కడే దిగింది. ఇప్పుడు చెక్క మంచం మీద దూది పరుపు, దాని మీద ఇది, పైన ఒకే ఒక్క నూలు దుప్పటి వేస్తున్నాం. దుప్పట్లు, రబ్బరు షీట్లు దొంతరగా పరిస్తే బుడగలు చేసే పని ఒంటికి చేరదు. గాలి సరిపోయిందో లేదో తెలుసుకోవడానికి పరుపు కిందకు అరచేయి పోనిచ్చి చూడాలి. తుంటి ఎముక చేతికి తగలకుండా మధ్యలో అంగుళం మందమైనా గాలి ఉండాలి. ఇక మన డెల్టా ఉక్కపోతలో ఈ ప్లాస్టిక్ మీద వీపు చెమటతో నానిపోతుంది. దానికి ఫ్యాను, రోజుకు రెండుసార్లు దుప్పటి మార్చడం తప్ప నాకు వేరే ఉపాయం దొరకలేదు. కరెంటు పోయినప్పుడు మాత్రం ఇబ్బంది లేదు, మోటారుకు పట్టే విద్యుత్తు చాలా తక్కువ కాబట్టి ఇంట్లోని ఇన్వర్టరు మీదే రాత్రంతా నడుస్తుంది.

అసలు చిక్కు ఎలుకతో వచ్చింది. సార్వా కోతలప్పుడు చేలల్లో ఎలుకలు ఇళ్లకు చేరడం మనకు కొత్త కాదు. వాటిలో ఒకటి గాలి గొట్టాన్ని కొరికేసింది. మోటారు తన మానాన తాను తిరుగుతూనే ఉంది కనుక నాకు మెలకువ రాలేదు. రెండున్నరకు లేచి చూస్తే అమ్మ చదునైన ప్లాస్టిక్ మీద పడుకుని ఉంది, నడుము కింద ఎర్రగా కంది ఉంది. గొట్టం విడిగా అమ్మబోమనీ, మొత్తం సెట్టు కొనుక్కోవలసిందేననీ దుకాణంలో అన్నారు. కొరికిన ముక్క కోసేసి, మిగిలిన గొట్టాన్నే మళ్లీ బిగించుకున్నాం. ఆ పని పూర్తయ్యేదాకా రెండు రాత్రులు మళ్లీ రెండు గంటల అలారమే మోగింది.

పరుపు ఇచ్చిన నిద్ర నాలుగు గంటలే, అంతకు మించి కావాలంటే మనిషి సాయం ఉండాలి. పూర్తిగా మంచానికే పరిమితమైన పక్షవాత రోగులకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2024 జూలై నుంచి ఎన్టీఆర్ భరోసా కింద నెలకు 15,000 రూపాయల పింఛను ఇస్తోంది. అమ్మకు మంజూరైన ఆ డబ్బులో కొంత పెట్టి, వారానికి రెండు రాత్రులు మా వీధిలోని ఒకావిడను పిలుచుకుంటున్నాం. ఆ మోటారు గుర్రుకు తనకు కునుకైనా పట్టదని ఆవిడ ఫిర్యాదు. పక్క గదిలో పడుకున్న నేను మాత్రం ఆ చప్పుడు వినబడేలా తలుపు ఓరగా వేసుకుంటున్నాను.