మిరప ఆకు ముడుచుకుంటే వేపనూనె మేలా, గంధకం మేలా?

వరంగల్ చపాట మిరపకు 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చిందన్న ఉత్సాహంలో, హనుమకొండలో మా పెరట్లో పన్నెండు చపాట మొక్కలు నాటాను. కూరగాయలు పెంచడం అదే మొదలు. నెల తిరిగేసరికి ఆకులు ముడుచుకున్నాయి. అడిగిన వాళ్లందరూ వేపనూనె కొట్టమన్నారు. కొట్టాను. సగం మొక్కలు తేరుకున్నాయి, మిగతా సగం ఇంకా గిడసబారాయి. ఆ తేడా ఆకు ఏ వైపు ముడిచిందన్న దానిలో ఉంది.

అంచులు పైకి లేచి ఆకు దోనెలా మారితే అది పై ముడత, తామర పురుగుల పని. అంచులు కిందికి వంగి బోర్లించిన పడవలా ఉండి, కాడ సాగి, ఆకు ముదురు ఆకుపచ్చకు తిరిగితే కింది ముడత. అది తెల్లనల్లి పని. అనుమానంగా ఉంటే కొమ్మ కింద తెల్ల కాగితం పట్టి రెండు సార్లు తట్టండి. సన్నని గీతల్లాంటివి కాగితం మీద పాకితే తామర పురుగులే. పూలను కూడా దులపాలి. 2021లో మన మిరప చేలను ముంచిన నల్ల తామర పురుగు చేరేది పూలలోనే. నల్లి మాత్రం భూతద్దం లేకుండా కనిపించడం కష్టం.

పై ముడతకు వేపనూనె మేలు. లీటరు నీటికి 5 మిల్లీలీటర్లు చాలు. నూనెను ముందు కొంచెం సబ్బు నీళ్లలో బాగా కలపకపోతే పైన తేలిపోతుంది. సాయంత్రం పూట, ఆకు అడుగు భాగం తడిసేలా, వారానికోసారి కొట్టాలి. ఇది పురుగును వెంటనే చంపదు. దాని తిండినీ ఎదుగుదలనూ దెబ్బతీస్తుంది. మూడు రోజులకే పని చేయలేదని వదిలేయకండి.

కింది ముడత ముదిరితే వేపనూనె చాలదు. నల్లి ఎనిమిది కాళ్ల జీవి, పురుగుల కంటే సాలీడుకే దగ్గర చుట్టం. దానికి నీటిలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు కలిపి కొట్టాలి. గంధకంతో జాగ్రత్త చాలా అవసరం. మన దగ్గర మార్చి దాటితే ఎండకు ఆకులు మాడిపోతాయి. వేపనూనె కొట్టిన రెండు వారాల లోపు దీన్ని వాడకూడదు. పక్కన దోస, బీర తీగలుంటే వాటి మీద పడకుండా చూసుకోవాలి, కొన్ని తీగ రకాలు గంధకానికి తట్టుకోలేవు. పై ముడతకు దీన్ని కొట్టడం దండగ.

రెండూ పనికిరాని సందర్భం ఒకటుంది. ఆకులు చిన్నవై, పసుపు తిరిగి, మొక్క గుబురుగా కుంచించుకుపోతే అది తెల్లదోమ మోసుకొచ్చిన వైరస్, బొబ్బర తెగులు. ఏ మందుతోనూ అది తగ్గదు. మనసు ఒప్పకపోయినా ఆ మొక్కను పీకి తగలబెట్టండి. నేను ఒకదాన్ని వారం పాటు ఉంచుకున్నాను, పక్కనున్న రెండింటికి పాకింది.

మొదటి తోటకైతే ముందు వేపనూనె సీసా ఒక్కటే కొనండి, గంధకం కింది ముడత కనిపించాకే. మందు పనిచేసిందా లేదా అన్నది పాత ఆకులను చూసి తేల్చకండి, ముడిచిన ఆకు మళ్లీ విప్పుకోదు. కొత్త చిగురును చూడండి. మా మొక్కల్లో రెండో వారానికి చదునైన చిగురు వచ్చింది.