ఫెండర్ రంబుల్ 100: రెండేళ్లు పెళ్లిళ్లకీ క్రిస్మస్‌లకీ మోశాక చెప్తున్నా

డబ్బా విప్పిన రెండో రోజు రాసే రివ్యూలు చాలానే ఉన్నాయి కాబట్టి నాది వేరేగా ఉంటుంది. ఈ బేస్ గిటార్ యాంప్ నా దగ్గరికొచ్చి రెండేళ్లు దాటింది, అది కూడా సెకండ్ హ్యాండ్‌లో, తెలిసినాయన దగ్గర 23 వేలకి. గుంటూరు, విజయవాడ, మధ్యలో మంగళగిరి, ఇటు తెనాలి, ఎక్కడ ప్రోగ్రాం ఉంటే అక్కడికి మోసుకెళ్లాను. మాది ఆరుగురి బ్యాండ్, అందులో ముగ్గురం చర్చి ఆరాధనలో వాయిస్తూ నేర్చుకున్నవాళ్లమే, మన వైపు బేస్ గిటార్ పట్టినవాళ్లలో చాలామంది కథ ఇదే కదా. డిసెంబర్ అంతా క్రిస్మస్ ప్రోగ్రాంలు, ముహూర్తాలు మొదలైతే సంగీత్‌లు, రిసెప్షన్లు, వినాయక చవితికి పందిళ్లు.

నన్ను అడిగేవాళ్లంతా ఒకటే అడుగుతారు, "వంద వాట్లు సరిపోతుందా అన్నా?" అని. దానికి జవాబు ఉంది కానీ ముందు నేను వెలగబెట్టిన పని చెప్పాలి, ఎందుకంటే కొత్తగా కొన్న ప్రతివాడూ ఇదే చేస్తాడు.

అప్పుడు బ్రాడీపేటలో రెండో అంతస్తులో గది. యాంప్ తెచ్చిన సాయంత్రమే దాని మీదున్న కాంటూర్ అనే బటన్ నొక్కి, బేస్ నాబ్‌ని గడియారం ముల్లు లెక్కన మూడు గంటల దగ్గరికి తిప్పి, ట్రెబుల్ కూడా కొంచెం లేపి వాయిస్తే ఒళ్లు జలదరించింది. షెల్ఫ్‌లో స్టీలు గ్లాసులు కూడా నాతో పాటే వాయించాయి. కింద ఓనర్ ఆంటీ మెట్లెక్కి వచ్చి "ఏంటి బాబూ, మోటారు ఏమైనా కాలిపోతోందా?" అని అడిగింది. నాకది పొగడ్తలాగే వినపడింది. ఆ నాబ్‌లు ఉన్నచోటే ఉంచి, ఫోన్‌లో ఫొటో తీసుకుని మరీ, ఆ వారం విజయవాడలో ఒక రిసెప్షన్‌కి వెళ్లా.

మూడో పాట సగంలో కీబోర్డ్ అన్న వెనక్కి తిరిగి "ఏరా, ప్లగ్ పెట్టావా అసలు?" అన్నాడు. మాస్టర్, అంటే మొత్తం సౌండ్ నాబ్, పెంచా. ఇంకా పెంచా. హాలంతా బుయ్యిమని మోత, అందులో ఏ స్వరం పలుకుతుందో నాకే తెలియట్లేదు, వేలు మాత్రం కరెక్ట్ ఫ్రెట్ మీదే ఉంది. ఇంతలో పెళ్లికూతురి మేనమామ కాబోలు, స్టేజి పక్కకొచ్చి ఆ గోల తగ్గించమన్నాడు. అంటే మా వాళ్లకేమో నేను వినపడట్లేదు, పెళ్లివారికేమో నేను ఎక్కువైపోయాను. రెండూ ఒకేసారి జరగొచ్చని ఆ రోజే తెలిసింది.

కారణం చాలా సింపుల్. నాలుగు తీగల బేస్‌లో వదిలేసిన లావు తీగ, ఇ తీగ, 41 హెర్ట్జ్ దగ్గర, అంటే సెకనుకి 41 సార్లు ఊగుతూ పలుకుతుంది. ఆ అల పొడవు ఎనిమిది మీటర్ల పైన. ఆ కింది శబ్దం గోడలకి కొట్టుకుని హాల్లో ఒక మూల గుండెల మీద గుద్దినట్టు, పది అడుగులు జరిగితే ఏమీ లేనట్టు ఉంటుంది. పైగా అదే చోట ప్యాడ్స్‌లో (ఎలక్ట్రానిక్ డ్రమ్స్) కిక్ ఉంది, కీబోర్డ్ అన్న ఎడం చెయ్యి ఉంది. వినేవాడికి "ఇది బేస్ గిటార్, ఇది ఫలానా స్వరం" అని తెలిసేది ఆ పైనున్న మిడ్స్, అంటే మధ్య స్థాయి శబ్దాల వల్ల, కొంచెం అటూ ఇటూగా 200 నుంచి 800 హెర్ట్జ్ లోపల. కాంటూర్ బటన్ చేసే పని ఆ మిడ్స్‌నే తవ్వి తీసెయ్యడం. ఒంటరిగా వాయించుకుంటే పైనా కిందా మెరిసి అందంగా ఉంటుంది, బ్యాండ్‌లోకి వెళ్తే మనం ఉండాల్సిన చోటే గొయ్యి పడుతుంది.

ఇప్పుడు నా సెట్టింగ్ ఇది: కాంటూర్ ఆఫ్, బ్రైట్ బటన్ ఆఫ్, వింటేజ్ బటన్ కొన్నిసార్లు ఆన్. బేస్ పదకొండు గంటల మీద, హాల్లో గచ్చు, గోడలు నున్నగా ఉంటే ఇంకా కిందికి. లో మిడ్ ఒంటిగంట, హై మిడ్ పన్నెండున్నర. గదిలో ఒక్కడినే ఉన్నప్పుడు ఈ సెట్టింగ్ వింటే ముక్కుతో మాట్లాడుతున్నట్టు ఉంటుంది, నచ్చదు కూడా. ప్యాడ్స్ మొదలవగానే చెంచాతో గీసినట్టు ప్రతి స్వరం విడిగా తెలుస్తుంది. ఈ యాంప్‌లో నాకు బాగా నచ్చింది ఇదే, మిడ్ అని ఒకే నాబ్ ఇచ్చి సరిపెట్టకుండా లో మిడ్, హై మిడ్ అని రెండు ఇచ్చాడు. ఒకే మిడ్ ఉన్న యాంప్‌లో గొంతుకీ బేస్‌కీ మధ్య పేచీ వస్తే తెంపడం కష్టం.

ఎడం చెయ్యి సంగతి వచ్చింది కాబట్టి ఇదీ చెప్పేస్తా. మన ఆర్కెస్ట్రాల్లో చాలాచోట్ల బేస్ గిటార్ ఉండదు, ఆ పని కీబోర్డ్ ఆయన ఎడం చేత్తో చేసేస్తుంటాడు, ఏళ్ల తరబడి అలవాటు. మనం కొత్తగా చేరినా ఆ చెయ్యి ఊరుకోదు. వెయ్యి వాట్ల యాంప్ తెచ్చినా ఇద్దరూ ఒకే చోట వాయిస్తే బురదే. నేను ఆర్నెల్లు మొహమాటపడి, చివరికి రిహార్సల్‌లో టీ తాగేటప్పుడు "అన్నా, ఎడం చెయ్యి ఒక ఆక్టేవ్ పైకి తెచ్చుకుంటావా" అని అడిగితే "ముందే చెప్పొచ్చుగా" అన్నాడు. టోన్ కోసం పెడల్స్ కొనే ముందు ఇది ప్రయత్నించండి, ఖర్చు ఒక టీ.

సరే, వంద వాట్లు. 12 అంగుళాల స్పీకర్ ఒకటి, 100 వాట్లు, బరువు పది కిలోలు. రిహార్సల్‌కి బోలెడు. రెండు మూడొందల మంది కూర్చునే ఏసీ హాల్లో, ప్యాడ్స్ వాయించేవాడు బుద్ధిమంతుడైతే, స్టేజి మీద మనకి వినపడటానికి సరిపోతుంది. హాలంతా వినిపించడం మాత్రం దీని పని కాదు, ఆరుబయటైతే అసలు ఆశ పెట్టుకోవద్దు. పోనీ 200 వాట్లది కొంటే అంటారా, వాట్లు రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెల్సే. చెవికి రెట్టింపు మోతగా అనిపించాలంటే దాదాపు పది రెట్ల పవర్ కావాలి. అందుకే వాట్ల లెక్కతో బుర్ర పాడుచేసుకోవడం నేను మానేశా. వెనకాల ఎక్స్‌ఎల్‌ఆర్ (మైకు వైర్లకి ఉండే మూడు పిన్నుల రకం) లైన్ అవుట్ ఉంది, దాంట్లోంచి వైరు మిక్సర్‌కి వెళ్తుంది, జనానికి మన బేస్ సౌండ్ వాళ్ల పెద్ద బాక్సుల్లోంచే వస్తుంది. యాంప్ నాకోసం. దాన్ని నేల మీద పెట్టి మోకాళ్లకి వినిపించకుండా ఒక ప్లాస్టిక్ కుర్చీ మీద పెట్టి వెనక్కి కాస్త వాల్చండి (జారకుండా చూసుకోండి, నాది ఒకసారి జారబోతే ప్యాడ్స్ తమ్ముడు పట్టుకున్నాడు). నేలకి ఆనినప్పుడు వచ్చే అదనపు బుయ్యి తగ్గుతుంది, చెవికి దగ్గరవుతుంది, మాస్టర్ సగమైనా తిప్పాల్సిన పని ఉండదు.

లైన్ అవుట్ పక్కనే గ్రౌండ్ లిఫ్ట్ అని చిన్న బటన్ ఉంటుంది. ఏడాది పాటు అదెందుకో నేను పట్టించుకోలేదు. కృష్ణ ఒడ్డున ఒక ఆరుబయట ప్రోగ్రాంలో దాని విలువ తెలిసింది. స్టేజి మీద ఒక కరెంటు లైన్, మిక్సర్ దగ్గర ఇంకో కరెంటు లైన్, వెనక జనరేటర్. నేను ప్లగ్ పెట్టగానే బాక్సుల్లోంచి "మ్‌మ్‌మ్" అని ఒకటే హమ్. సౌండ్ చూసే బాబాయ్ "నీ గిటారే ప్రాబ్లం" అని తేల్చేశాడు. మన కరెంటు 50 హెర్ట్జ్ కదా, ఇ తీగ మీద మూడో ఫ్రెట్‌లో జి స్వరం 49 హెర్ట్జ్. అంటే ఆ హమ్ కాస్త శ్రుతి పెరిగిన జి అన్నమాట. మా తర్వాతి పాట జి లో ఉంటే తంబూరా అని సరిపెట్టుకుందుము, అది ఎఫ్ షార్ప్‌లో ఉంది. గ్రౌండ్ లిఫ్ట్ నొక్కితే టక్కుమని ఆగిపోయింది. రెండు చోట్ల ఎర్త్ అయినప్పుడు ఆ వైరు గుండా తిరిగే కరెంటే ఆ హమ్, ఈ బటన్ సిగ్నల్ వైరులో ఆ దారిని మాత్రం తెంచుతుంది. యాంప్ ఎర్త్ మాత్రం అలాగే ఉంటుంది. బాబాయ్ అంతకు ముందు ఇచ్చిన సలహా ఏంటంటే మూడు పిన్నుల ప్లగ్‌లో లావు పిన్ను పీకెయ్యమని. దండం పెడతా, ఆ పని ఎవరూ చెయ్యొద్దు. తడి గడ్డి మీద నిలబడి లోహపు తీగలు పట్టుకునేది మనం.

బరువు గురించి ఒక మాట. పాత బేస్ యాంప్‌లంటే మంచాల్లాంటివి. 1969లో వచ్చిన ఆంపెగ్ ఎస్‌వీటీ 300 వాట్లు, అంతా వాక్యూమ్ ట్యూబులే, స్పీకర్లు కాకుండా పైన పెట్టే తలకాయ ఒక్కటే 35 కిలోల పైమాట, దాని కింద పది అంగుళాల స్పీకర్లు ఎనిమిది ఉన్న బీరువా. నాకు ఆ టోన్ అంటే పిచ్చి, కానీ దాన్ని ఆటోలో ఎక్కించేదెవరు? ఈ రంబుల్‌లో ఉన్నది క్లాస్ డి అనే తేలికరకం పవర్ సర్క్యూట్, అందుకే పది కిలోలకి దిగింది. ఇంకో సరదా సంగతి: ఫెండర్ 1951లో ప్రెసిషన్ బేస్ తెచ్చి, మరుసటి ఏడు దానికోసమే బాస్‌మన్ అనే యాంప్ చేస్తే, తర్వాత్తర్వాత అది గిటార్ వాళ్లకి తెగ నచ్చేసింది, మార్షల్ వాళ్ల మొదటి యాంప్ కూడా ఆ బాస్‌మన్‌ని చూసి చేసిందే. మనకోసం చేసింది కూడా మనకి దక్కనివ్వలేదు గిటార్ వాళ్లు. అయినా లీడ్ గిటార్ వాళ్ల గురించి మొదలుపెడితే ఇది రివ్యూ అవ్వదు.

ఓవర్‌డ్రైవ్ ఉంది, ఒకట్రెండు పాటల్లో కాస్త గరుకు కోసం వాడతా, ఎక్కువ తిప్పితే కందిరీగలే. ఇంట్లో ప్రాక్టీస్‌కి హెడ్‌ఫోన్ జాక్, ఫోన్‌లో పాట పెట్టుకోవడానికి ఆక్స్ ఉన్నాయి, ఓనర్ ఆంటీ తరఫున ధన్యవాదాలు.

ఇక నాకు ఇబ్బంది అనిపించినవి. స్కూటీ మీద ఒక్కడివే తీసుకెళ్లడం కుదరదు, బరువు వల్ల కాదు, సైజు వల్ల. కాళ్ల దగ్గర పెడితే హ్యాండిల్ తిరగదు, వెనకాల కూర్చునేవాడు ఒళ్లో పెట్టుకోవాలి, వాడి భుజానికి గిటార్ కూడా ఉంటుంది పాపం. ఐదు తీగల బేస్ వాడేవాళ్లు బి తీగ, అంటే 31 హెర్ట్జ్, దీంట్లోంచి నిండుగా రావాలని ఆశించొద్దు, ఒక్క 12 అంగుళాల స్పీకర్‌కి అది పెద్ద పనే. నేను నాలుగు తీగలే కాబట్టి నాకు బాధ లేదు.

కొనాలా అంటే, నెలకి రెండు మూడు ప్రోగ్రాంలు చేస్తూ ప్రతిచోటా మిక్సర్ ఉంటుందనుకున్నవాళ్లు కళ్లు మూసుకుని కొనొచ్చు. ఇంట్లోనే వాయించుకునేవాళ్లకి ఇదే వరసలో 10 అంగుళాల రంబుల్ 40 చాలు, దానికీ లైన్ అవుట్ ఉంది. మిక్సర్‌లో బేస్‌కి లైన్ ఇవ్వని చోట్ల, అంటే చిన్న పందిళ్లలో గొంతుకి మాత్రమే మైకులు పెట్టేచోట ఎక్కువ వాయించేవాళ్లైతే డబ్బులు కూడబెట్టి రంబుల్ 500కి వెళ్లండి, రెండు 10 అంగుళాల స్పీకర్లు, ఆ గాలి వేరే. సెకండ్ హ్యాండ్ అయితే కొనేముందు ప్రతి నాబ్ ఈ చివర నుంచి ఆ చివరికి తిప్పి చూడండి, చరచర వస్తే దుమ్ము పట్టిందని అర్థం, క్లీన్ చేయిస్తే పోతుంది, ఆ వంకతో ఒక వెయ్యి తగ్గించమనొచ్చు. ఇ తీగ గట్టిగా మీటి వదిలి స్పీకర్ దగ్గర చెవి పెట్టండి, కాగితం చిరిగినట్టు వస్తే లేచి వచ్చెయ్యండి.

ఒక్కటి మర్చిపోయా, కవర్. ఆన్‌లైన్ ధర చూసి కళ్లు తిరిగి, ఆటోనగర్‌లో కార్ల సీటు కవర్లు కుట్టే ఒకాయన దగ్గరికి పట్టుకెళ్తే, లోపల ఫోమ్ వేసి నల్ల రెగ్జిన్‌తో 900కి కుట్టిచ్చాడు, రెండు వానాకాలాలు తట్టుకుంది. కాకపోతే పైన హ్యాండిల్ బయటికి రావడానికి కోత పెట్టలేదు, నేనూ చెప్పలేదు, తొడిగాక చూసుకుంటే పట్టుకోవడానికి ఏమీ లేదు. ఆ రోజు బెంజ్ సర్కిల్ దాకా పసిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకునే వచ్చా. మీరు ముందే చెప్పి కుట్టించుకోండి.