ఇంటి కారుతో రేస్ ట్రాక్ మీద నాలుగేళ్లు

గాజువాకలో మా ఇంటి ముందు నిలబడే కారు ఇది. 1200 సీసీ పెట్రోలు హ్యాచ్‌బ్యాక్, ముందు డిస్క్ బ్రేకులు, వెనక డ్రమ్ములు. వారమంతా ఆఫీసుకు, పిల్లల బడికి, రైతుబజారుకు తిరుగుతుంది. ఏడాదికి రెండు మూడుసార్లు మాత్రం డిక్కీలో హెల్మెట్, జాకీ, నాలుగు ఇటుకలు వేసుకుని చెన్నై దారి పడుతుంది. నాలుగేళ్లలో తొమ్మిదిసార్లు వెళ్లి వచ్చాను. మన ఊళ్లో ఈ సరదా మొదలుపెట్టాలని చాలామందికి ఉంది, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు. వాళ్ల కోసం రాస్తున్నాను.

నేను వెళ్లేది శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో ఉన్న మద్రాసు సర్క్యూట్‌కు. 1990లో మొదలైంది. ఒక చుట్టు 3.717 కిలోమీటర్లు, 12 మలుపులు. విశాఖ నుంచి 16వ నంబరు జాతీయ రహదారి మీద దాదాపు ఎనిమిది వందల కిలోమీటర్ల ప్రయాణం. చెన్నై చేరబోయే ముందు దారిలోనే షోళవరం తగులుతుంది. ఈ సర్క్యూట్ రాకముందు రేసులు అక్కడి పాత విమానాల రన్‌వే మీదే జరిగేవి. ఆ పేరున్న బోర్డు కనబడగానే ఇప్పటికీ నా గుండె వేగం పెరుగుతుంది.

ఎనిమిది వందల కిలోమీటర్లు వెళ్లడం ఒక ఎత్తు, అదే కారులో మర్నాడు తిరిగి రావడం ఒక ఎత్తు. కారు మీద నేను తీసుకున్న ప్రతి నిర్ణయమూ ఈ తిరుగు ప్రయాణాన్ని బట్టే తీసుకున్నాను.

మొదట చేరాల్సింది రేసులో కాదు, ట్రాక్ డేలో. అక్కడ స్థానాలుండవు, బహుమతులుండవు. పదిహేను ఇరవై నిమిషాల విడతలుగా వదులుతారు. ఎక్కడ దాటవచ్చో, ఎక్కడ దాటకూడదో ముందే చెబుతారు. పసుపు జెండా ఊపితే ముందు ప్రమాదం ఉందని, దాటకూడదని. నీలం అయితే వెనక వేగంగా వచ్చేవాడికి దారి ఇవ్వాలని. ఎరుపు అయితే అందరూ నెమ్మదించి పిట్‌లోకి, అంటే ట్రాక్ పక్కన కార్లు ఆపే చోటికి, వచ్చేయాలని. ఉదయం జరిగే ఈ వివరణను ఒక్క మాట వదలకుండా వినండి.

బ్రేకుల గురించి మాత్రం వివరంగా చెప్పాలి. రెండోసారి వెళ్లినప్పుడు, మూడో విడతలో నాలుగో చుట్టు. స్ట్రెయిట్ (ట్రాక్‌లో మలుపు లేకుండా తిన్నగా సాగే భాగం) చివర ఎప్పుడూ తొక్కే చోటే బ్రేకు తొక్కాను. పెడల్ అడ్డూ ఆపూ లేకుండా నేలదాకా పోయింది. వదిలి మళ్లీ తొక్కాను, మళ్లీ తొక్కాను. మూడోసారికి కొద్దిగా పట్టు దొరికింది. ఒక్కొక్క గేరే దించుతూ, మలుపు తిప్పే సాహసం చేయకుండా కారును నేరుగా మట్టిలోకి పోనిచ్చాను. కారు మీద గీత కూడా పడలేదు, కానీ నా చేతుల వణుకు తగ్గడానికి చాలాసేపు పట్టింది. పిట్‌లో బానెట్ ఎత్తి చూస్తే, తేనె రంగులో ఉండాల్సిన బ్రేక్ ఆయిల్ కాఫీ డికాషన్‌లా ఉంది. మూడేళ్లుగా నేను దాన్ని మార్చలేదు.

బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల వరకు మరగకూడదని ప్రమాణం. తేమ పట్టాక ఆ ప్రమాణం 155 డిగ్రీలే. మరిగిందంటే గొట్టాల్లో ఆవిరి బుడగలు పుడతాయి. పాదం పెట్టిన బలమంతా ఆ బుడగలను నొక్కడానికే సరిపోతుంది, చక్రం దాకా చేరదు. పైగా వేగం రెట్టింపైతే బ్రేకులు మింగాల్సిన వేడి నాలుగు రెట్లవుతుంది. సముద్రం పక్కన, ఏడాదిలో ఎక్కువ భాగం ఉక్కపోతలో ఉండే మన ఊళ్లో ఈ నూనెను ఏళ్ల తరబడి వదిలేయకూడదు. ఇప్పుడు ట్రాక్‌కు బయలుదేరే వారం ముందు ప్రతిసారీ మార్పిస్తున్నాను. ఆటోనగర్‌లో మా మెకానిక్ పెద్దాయన చెప్పిన గుర్తు ఎప్పుడూ తప్పలేదు: "పెడల్ మెత్తబడితే నూనె సంగతి చూడు బాబూ. పెడల్ గట్టిగానే ఉండి కారు ఆగడం లేదంటే ప్యాడ్లు కాలాయన్నమాట."

డిక్కీలో ఇటుకలు ఎందుకంటారా? విడత ముగిశాక చివరి చుట్టు బ్రేకు తొక్కకుండా నెమ్మదిగా తిరిగి రావాలి. ఆపాక హ్యాండ్ బ్రేక్ వేయకూడదు, వేడెక్కిన డ్రమ్ములను అది బిగించి పట్టుకుంటుంది. గేరులో పెట్టి, చక్రాలకు ఇటుకలు అడ్డం పెడితే చాలు.

టైర్ల దగ్గర నాకు ఎక్కువ నేర్పింది ఒక సుద్దముక్క. టైరు అంచు మీద, నేలను తాకే చోటు నుంచి పక్కగోడ మీదకు, మూడు చోట్ల సుద్దతో గీతలు గీయండి. నాలుగు చుట్లు తిరిగి వచ్చి చూడండి. గీత భుజం (నేలను తాకే భాగం పక్కగోడను కలిసే అంచు) దాటి పక్కగోడ మీదకు చెరిగిపోయి ఉంటే టైరు మలుపుల్లో పక్కకు ఒరుగుతోంది, గాలి తక్కువైంది. భుజం దాకా కూడా చెరగకపోతే గాలి ఎక్కువైంది. వేడికి గాలి ఒత్తిడి పెరుగుతుంది కాబట్టి మీటరు వెంట ఉండాలి, ప్రతి విడత తరువాతా చూసుకోవాలి. ఇంటికి బయలుదేరే ముందు టైర్లు చల్లబడ్డాక మళ్లీ మామూలు లెక్కకు నింపడం మరిచిపోవద్దు. ఈ సర్క్యూట్‌లో కుడి మలుపులు ఎక్కువ కావడంతో నా కారుకు ఎడమవైపు ముందు టైరే తొందరగా అరుగుతోంది.

ఇంజిన్ మీద ఒక్క రూపాయి పెట్టలేదు. పెట్టమని సలహా ఇచ్చినవాళ్లు చాలామంది. ఫార్ములా ఎల్‌జీబీ 4 అనే ఒంటి సీటు రేసు కారులో ఉండేది 1300 సీసీ స్విఫ్ట్ ఇంజినే. దాంతోనే కుర్రాళ్లు జాతీయ స్థాయిలో పోటీ పడుతున్నారు. ఒక చుట్టుకు నా మొదటి రోజు ఉత్తమ సమయం 2 నిమిషాల 41 సెకన్లు, ఇప్పుడు 2 నిమిషాల 27. కారు అదే, ఇంజిన్ అదే. ఆ 14 సెకన్లలో ఎక్కువ భాగం ఒక్క రోజులో వచ్చాయి. ఆ రోజు పక్క సీట్లో కూర్చున్న శిక్షకుడు నెల్లూరు మనిషి. మలుపు మలుపుకూ ఒకటే మాట: "బానెట్ చూడకండి, బయటికి వెళ్లే చోటు చూడండి." చూపు ముందుకు వెళ్లాక స్టీరింగు తిప్పడం తగ్గింది, బ్రేకు తొందరగా వదలగలిగాను, యాక్సిలరేటర్ మీద పాదం ముందుగా పడింది. ఖర్చు పెట్టాలనిపిస్తే మొదట శిక్షకుడికి పెట్టండి, తరువాత మంచి హెల్మెట్‌కు.

రోడ్డు మీద 17 కిలోమీటర్లు ఇచ్చే లీటరు పెట్రోలు ట్రాక్ మీద ఆరు దాటదు. బీమా పత్రం కూడా ఒకసారి తీసి చదవండి: రేసులు, వేగ పరీక్షలకు వాడితే వర్తించదని రాసి ఉంటుంది. అంటే అక్కడ కారుకు ఏమైనా అయితే మొత్తం మన జేబులోంచే. ఇంటికి ఉన్నది ఒకే కారు అయితే ఇంట్లోవాళ్లను కూర్చోబెట్టి ఈ విషయం ముందే చెప్పాలి. నేను మా ఆవిడకు చెప్పాకే మొదటిసారి వెళ్లాను.

సాధన పేరుతో రాత్రిళ్లు బీచ్ రోడ్డు మీదకో, సింహాచలం ఘాట్‌కో వెళ్లేవాళ్లను చూస్తే నాకు కోపం, భయం రెండూ కలుగుతాయి. అక్కడ జెండా ఊపేవాడు లేడు, ఎదురుగా వచ్చే స్కూటర్ మీద ఎవరింటి బిడ్డో ఉంటాడు. దయచేసి వద్దు.

అసలు రేసులో దిగాలంటే మోటార్ స్పోర్ట్స్ సమాఖ్య లైసెన్సు కావాలి, వైద్య ధ్రువపత్రం కావాలి, మంటను తట్టుకునే దుస్తులు కావాలి, కారులో రోల్ కేజ్ (బోల్తా పడినా లోపలివాళ్లు నలగకుండా బిగించే ఇనుప కడ్డీల చట్రం) కావాలి. కేజ్ బిగించిన కారులో పిల్లలను బడికి తీసుకెళ్లలేను, హెల్మెట్ లేని తలకు ఆ ఇనుప కడ్డీలే ప్రమాదం. అందుకే ఈ కారును ఇలాగే ఉంచుతున్నాను. రేసు చేసే రోజు వస్తే అద్దె రేసు కారులో చేస్తాను.

ఎడమ ముందు టైరు కొత్తది మొన్ననే వేయించాను. దానితో మూడు నాలుగు వందల కిలోమీటర్లు ఊళ్లోనే తిరిగి, నూనె మార్పించి, సంక్రాంతి వెళ్లాక బయలుదేరాలి.